రివర్షన్ ఉత్తర్వు మీద అప్పీలు: కక్ష సాధింపు అని రాసే ముందు చేయాల్సిన పనులు

బిల్లు మీద సంతకం పెట్టనన్నారు. లేదా కొనుగోళ్లలో తేడా ఉందని ఫైల్లో నోట్ రాశారు. లేదా పై అధికారి మీద విజిలెన్స్‌కి ఫిర్యాదు పంపారు. కొన్నాళ్లకి ఎప్పటిదో పాత వ్యవహారం తవ్వి మీకు ఛార్జ్ మెమో, అంటే అభియోగాల పత్రం, ఇచ్చారు. ఇప్పుడు సూపరింటెండెంట్‌గా ఉన్న మిమ్మల్ని మళ్లీ సీనియర్ అసిస్టెంట్ సీట్లో కూర్చోబెడుతూ ప్రొసీడింగ్స్ చేతికొచ్చాయి. ఇలా పై పోస్టు నుంచి కిందికి దించడమే రివర్షన్. ఇదెందుకు జరిగిందో ఆఫీసులో అటెండర్ దగ్గర్నుంచి అందరికీ తెలుసు. చిక్కేమిటంటే, అందరికీ తెలిసింది ఫైల్లో ఉండదు. అప్పీలు చూసే అధికారి ముందుండేది ఫైలు ఒక్కటే.

అందుకే నా సలహా మొదట్లోనే చెప్పేస్తాను. కక్ష సాధింపు అన్న మాట మీ అప్పీలులో ఉండాలి, కానీ ఆఖర్న ఉండాలి. ముందు విధానంలో జరిగిన లోపాలు, తర్వాత సాక్ష్యం చాలదన్న వాదన, ఆ తర్వాత శిక్ష ఎక్కువైందన్న వాదన, వీటన్నిటి తర్వాత కక్ష. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మూడు పేజీల ఆవేదన రాసి, ఉత్తర్వుని కొట్టేయించగలిగే అసలు పాయింటుని నాలుగో పేజీలో ఒక్క వాక్యంలో వదిలేస్తారు.

ఏ రూల్స్ వర్తిస్తాయో ముందు చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకి 1991 నాటి సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్ అండ్ అప్పీల్) రూల్స్. తెలంగాణ కూడా వాటినే అన్వయించుకుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1965 నాటి సీసీఎస్ సీసీఏ రూల్స్, రైల్వే వాళ్లకి 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్. విద్యుత్ సంస్థలు, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవారికి సొంత రెగ్యులేషన్లు ఉంటాయి. నంబర్లు మారినా లోపలి పద్ధతి దాదాపు ఒకటే.

ఉత్తర్వు అందిన రోజు

ఉత్తర్వు తీసుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు దాని కింద తేదీ మీ చేత్తో రాయండి. పోస్టులో వస్తే కవరు పారేయకండి. గడువు లెక్క మొదలయ్యేది ఉత్తర్వు మీదున్న తేదీ నుంచి కాదు, అది మీకు అందిన తేదీ నుంచి. రాష్ట్ర ఉద్యోగులకి అప్పీలు గడువు 3 నెలలు. కేంద్ర, రైల్వే ఉద్యోగులకి 45 రోజులు మాత్రమే. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి ఉంది, కానీ మిమ్మల్ని వదిలించుకోవడానికి అంతకంటే సులువైన సాకు వాళ్లకి ఇంకోటి దొరకదు.

కొత్త పోస్టులో చేరాలా వద్దా? చేరండి. ఇక్కడ పంతానికి పోయి మెడికల్ లీవు పెట్టి ఇంట్లో కూర్చునేవాళ్లున్నారు. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. చేరకపోతే అనధికార గైర్హాజరు అని రెండో ఛార్జ్ మెమో వస్తుంది, దాంట్లో మీ తప్పు నిజంగానే కనిపిస్తుంది. చేరుతూ జాయినింగ్ రిపోర్టులో ఈ ఒక్క వాక్యం కలపండి: "అప్పీలు చేసుకునే నా హక్కుకి భంగం కలగకుండా, పై ఉత్తర్వుకి నా అంగీకారం లేదని తెలియజేస్తూ, విధుల్లో చేరుతున్నాను." దాని కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. పాత సీటు ఛార్జ్ అప్పగించేటప్పుడు ఫైళ్ల జాబితా, స్టాక్ ఉంటే స్టాక్ జాబితా రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించుకోండి. రేపు ఫలానా ఫైలు కనబడటం లేదని ఇంకో మెమో రాకుండా ఇదే కాపాడుతుంది.

ఈ రోజుల్లో చేయకూడనివి రెండు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో అధికారి గురించి రాయకండి, స్క్రీన్‌షాట్ సాయంత్రానికల్లా ఆయన ఫోన్లో ఉంటుంది. ఎమ్మెల్యే గారి దగ్గర సిఫార్సు లేఖ తెచ్చి ఫైల్లో పెట్టించకండి. సర్వీసు విషయాల్లో బయటి ఒత్తిడి తేవడం కాండక్ట్ రూల్స్ ప్రకారం దుష్ప్రవర్తనే. లేఖ తెచ్చిన పాపానికి మీ ప్రత్యర్థికి మీరే ఒక అభియోగం ఇచ్చినట్టవుతుంది.

అది శిక్షా, లేక శిక్ష కాదని చెబుతున్నారా

ఉత్తర్వు రెండుసార్లు చదవండి. ఏ రూలు కింద ఇచ్చారు అన్నది మొదట వెతకండి. మీ కేసు దారి మొత్తం దీని మీదే ఉంటుంది.

ఛార్జ్ మెమో, విచారణ, తుది ఉత్తర్వు అన్న వరుసలో వచ్చి ఉంటే అది శిక్ష. రాష్ట్ర రూల్స్‌లో 9వ రూలు, కేంద్ర రూల్స్‌లో 11వ రూలు శిక్షల జాబితా ఇస్తాయి. కింది పోస్టుకి తగ్గించడం అందులోని పెద్ద శిక్షల్లో ఒకటి. రాజ్యాంగం 311(2) అధికరణం డిస్మిస్, రిమూవల్‌తో పాటు హోదా తగ్గింపుని కూడా చెబుతుంది. అంటే అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, మీ మాట వినకుండా చేయడానికి వీల్లేదు. క్రిమినల్ కేసులో శిక్ష పడటం, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాకపోవడం, దేశ భద్రత: ఈ మూడే మినహాయింపులు.

ఛార్జ్ మెమో లేదు, విచారణ లేదు, "పరిపాలనా కారణాల వల్ల" అని రెండు లైన్లతో వెనక్కి పంపారంటే వాళ్ల వాదన వేరు. ఇది శిక్షే కాదు, మీకిచ్చింది తాత్కాలిక పదోన్నతి కాబట్టి వెనక్కి తీసుకున్నాం అంటారు. అప్పుడు మీ ప్రమోషన్ ఉత్తర్వు తీసి చూడండి. రాష్ట్రంలో స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ 10(ఎ) కింద తాత్కాలికంగా ఇచ్చిందా, ప్యానెల్ (పదోన్నతికి ఎంపికైనవారి జాబితా) ద్వారా రెగ్యులర్‌గా ఇచ్చిందా? ప్రొబేషన్ పూర్తయినట్టు డిక్లరేషన్ ఉందా? రెగ్యులర్ ప్రమోషన్ పొంది ప్రొబేషన్ కూడా పూర్తయితే ఆ పోస్టు మీద మీకు హక్కు ఏర్పడింది, రెండు లైన్ల ఉత్తర్వుతో తీసేయలేరు.

తాత్కాలికమే అయితే కష్టమే గానీ దారి మూసుకుపోలేదు. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చెప్పే కేసు పరశోత్తం లాల్ ధింగ్రాది. రైల్వేలో పై పోస్టులో ఆఫీషియేటింగ్‌గా, అంటే తాత్కాలికంగా, ఉన్న ఆయన్ని వెనక్కి పంపారు. 1957లో సుప్రీంకోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కుందా? లేకపోయినా, ఈ రివర్షన్ వల్ల జీతం, సీనియారిటీ పోవడం, ముందు ముందు పదోన్నతికి అడ్డుపడటం లాంటి శిక్షా ఫలితాలు ఏమైనా పడుతున్నాయా? రెండిట్లో దేనికి అవునని జవాబొచ్చినా 311(2) రక్షణ ఉంటుంది. ధింగ్రా మటుకు ఆ కేసు ఓడిపోయారు. ఆయన కేసులో వచ్చిన పరీక్షతో తర్వాత ఎందరో గెలిచారు.

ఇంకొకటి చూడండి: సీనియారిటీ జాబితా. మీకంటే జూనియర్లు అదే తాత్కాలిక పదోన్నతిలో కొనసాగుతుంటే మీ ఒక్కరినే ఎందుకు దించారు? ఉత్తరప్రదేశ్ పోలీసు ఉద్యోగి సుఘర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ కారణంతోనే రివర్షన్ నిలవదని చెప్పింది. జూనియర్లని ఉంచి ఒక్కరినే వేరుచేయడం సమానత్వ హక్కుకి విరుద్ధం అంది. కక్ష అని మీరు చెప్పకుండానే కక్షని చూపించే కాగితం ఈ సీనియారిటీ జాబితా.

మరో తనిఖీ చిన్నదే గానీ ఎక్కువమంది మర్చిపోతారు. మీరు నేరుగా నియమితులైన పోస్టుకంటే కిందికి దించారా? అది కుదరదని 1988లో న్యాదర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగంలో చేరిందే సీనియర్ అసిస్టెంట్‌గా అయితే, శిక్ష పేరుతో జూనియర్ అసిస్టెంట్‌ని చేయలేరు.

కాగితాలు, తేదీలు

ఇక్కడ తొందరపడకండి. మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

మీ దగ్గర ఉండాల్సినవి: ఛార్జ్ మెమో, దాని నాలుగు అనుబంధాలు (అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా), మీ సంజాయిషీ, విచారణాధికారి నియామకపు ఉత్తర్వు, ప్రతి సిట్టింగ్‌లో రాసిన రోజువారీ ఆర్డర్ షీట్, సాక్షుల వాంగ్మూలాలు, విచారణ నివేదిక, దాని మీద మీరిచ్చిన జవాబు, తుది ఉత్తర్వు. సర్వీస్ రిజిస్టర్ కాపీ, అందులో గతంలో శిక్షలేవీ లేవని చూపించే పేజీలు.

లేనివి సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. మీ గడువు 45 రోజులైతే ఉత్తర్వు అందిన మర్నాడే దరఖాస్తు పెట్టాలన్నమాట. కరస్పాండెన్స్ ఫైలు ఒక్కటే అడిగి ఊరుకోకండి, "నోట్ ఫైలు సహా" అని విడిగా రాయండి. అసలు సంగతులు ఉండేది అక్కడే: మీ ఫైలు ఏ తేదీన తెరిచారు, ఎవరు ప్రతిపాదించారు, కింది ఉద్యోగి "హెచ్చరికతో సరిపెట్టవచ్చు" అని రాస్తే ఎవరు కొట్టేశారు, పెద్ద శిక్ష అని ఎవరి చేతిరాతతో వచ్చింది. విచారణ నడుస్తోంది కాబట్టి ఇవ్వం అంటారేమో. తుది ఉత్తర్వు వచ్చాక ఆ సాకు చెల్లదు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కిందే మొదటి అప్పీలు వేసి, ఆ సంగతి మీ సర్వీసు అప్పీలులోనూ రాయండి. ఆర్టీఐ జవాబు కోసం చూస్తూ గడువు మాత్రం దాటనివ్వకండి. "అదనపు కాగితాలు అందాక అదనపు వాదనలు సమర్పించే అవకాశం ఇవ్వగలరు" అని ఒక లైను పెట్టి అప్పీలు పంపేయండి.

ఇక తేదీల పట్టిక. ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీయండి: తేదీ, జరిగింది, దానికి కాగితం ఏది. ఫిర్యాదు చేసిన రోజు నుంచి మొదలుపెట్టి రివర్షన్ దాకా రాయండి. మూడో గడిలో కాగితం లేని అడుగుని పెన్సిల్‌తో రాయండి. పట్టిక పూర్తయ్యాక పెన్సిల్ లైన్లు అన్నీ చెరిపేసి చదవండి. మిగిలినదే మీ కేసు. అది బలంగా కనిపిస్తే బలమైనదే. చెరిపేసిన లైన్లతో పాటు కథంతా పోయిందంటే, విధాన లోపాల మీదే నిలబడాలని అర్థం. అదీ తక్కువేం కాదు.

విధానంలో ఎక్కడ తప్పు జరిగింది

కక్షతో చేసేవాళ్లు సాధారణంగా తొందరపడతారు. తొందరలో అడుగులు వదిలేస్తారు. కింది ప్రశ్నలు మీ ఫైలుని అడగండి.

ఛార్జ్ మెమో ఇచ్చింది ఆ శిక్ష వేసే అధికారం ఉన్నవారేనా? పెద్ద శిక్షకి రాష్ట్ర రూల్స్‌లో 20వ రూలు, కేంద్ర రూల్స్‌లో 14వ రూలు ప్రకారం పూర్తి విచారణ జరిగిందా, లేక చిన్న శిక్షల పద్ధతిలో సంజాయిషీ తీసుకుని నేరుగా దించేశారా? రెండోదే అయితే అప్పీలు సగం గెలిచినట్టే.

విచారణ నివేదిక మీకిచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చారా? మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కేసు, బి. కరుణాకర్ కేసు అని ప్రసిద్ధం, 1993లో రాజ్యాంగ ధర్మాసనం ముందుకి వెళ్లింది. శిక్ష నిర్ణయించే ముందు నివేదిక కాపీ పొందడం ఉద్యోగి హక్కు అని అక్కడ తేలింది. అదే తీర్పులో ఒక మెలిక కూడా ఉంది: కాపీ ఇవ్వకపోవడం వల్ల మీకు ఏం నష్టం జరిగిందో చూపించాలి. కాబట్టి "కాపీ ఇవ్వలేదు" అని ఆపకండి. "ఇచ్చి ఉంటే, రెండో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్న విషయాన్ని నివేదిక వదిలేసిందని చూపించేవాణ్ణి" అని రాయండి.

విచారణాధికారి రుజువు కాలేదంటే, పై అధికారి రుజువైందని మార్చేశారా? కక్ష కేసుల్లో ఇది తరచూ కనబడుతుంది. అలా విభేదించేటప్పుడు ఎందుకు విభేదిస్తున్నారో ముందు మీకు రాసిచ్చి, మీ జవాబు తీసుకున్నాకే నిర్ణయానికి రావాలి. కుంజ్ బిహారీ మిశ్రా కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. తుది ఉత్తర్వులోనే మొదటిసారి విభేదించి ఉంటే ఆ ఉత్తర్వు నిలవడం కష్టం.

మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆయనే శిక్ష వేశారా? విచారణాధికారే సాక్షిగా మారారా? మహ్మద్ నూహ్ అనే హెడ్ కానిస్టేబుల్ కేసులో విచారణ జరుపుతున్న అధికారే మధ్యలో లేచి సాక్ష్యం చెప్పి, మళ్లీ వెళ్లి నిర్ణయం రాశాడు. సుప్రీంకోర్టు అది సహజ న్యాయానికి పూర్తిగా విరుద్ధమని తప్పుపట్టింది. మీ ఆఫీసులో ఇంత బాహాటంగా జరక్కపోవచ్చు. కానీ అభియోగానికి మూలమైన రిపోర్టు రాసినవారూ శిక్ష వేసినవారూ ఒకరేనా అన్నది చూడండి.

సాక్షులెవర్నీ పిలవకుండా పత్రాలు పెట్టేసి రుజువైందన్నారా? పత్రం ఫైల్లో ఉన్నంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్టు కాదని రూప్ సింగ్ నేగీ కేసు చెబుతుంది. ఇది బ్యాంకు ఉద్యోగి కేసే అయినా శాఖాపరమైన విచారణలన్నిట్లో దీన్ని చూపిస్తారు.

పాత వ్యవహారం తవ్వారా? 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎన్. రాధాకిషన్ మధ్య తీర్పు వచ్చింది. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ వ్యవహారాల మీద ఏళ్లు గడిచాక నడిపిన చర్యని, జాప్యానికి సరైన కారణం లేదన్న కారణంతో కొట్టేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. జాప్యం ఒక్కటే ప్రతిసారీ సరిపోదు. కానీ నాలుగేళ్లు నిద్రపోయిన ఫైలు, మీ ఫిర్యాదు వెళ్లిన నెలకే లేచిందంటే, జాప్యం పాయింటూ కక్ష పాయింటూ ఒకదాన్నొకటి మోస్తాయి.

ఇప్పుడు కక్ష

దురుద్దేశం అని అనడం తేలిక, నిరూపించే భారం చాలా పెద్దది. తమిళనాడు ప్రధాన కార్యదర్శిగా ఉండి బదిలీ అయిన ఇ.పి. రాయప్ప కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పి ఆయన ఆరోపణని ఒప్పుకోలేదు. అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు కాదు.

గెలిచిన కేసూ ఉంది. పంజాబ్‌లో సివిల్ సర్జన్ డాక్టర్ ప్రతాప్ సింగ్ తన సెలవు రద్దుచేసి, సస్పెండ్ చేసి, విచారణ మొదలుపెట్టడం వెనక ముఖ్యమంత్రి కక్ష ఉందని ఆరోపించారు. ఆయన దగ్గర టేపు రికార్డులున్నాయి. అంత నిర్దిష్టమైన ఆరోపణలకి ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు, కింది అధికారులు వేశారు. 1963లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు డాక్టర్ పక్షాన వచ్చింది. దీన్నుంచి పనికొచ్చేది రెండు ముక్కలు. ఆరోపణ ఎంత నిర్దిష్టంగా ఉంటే అవతలివారి మౌనం అంత బరువుగా ఉంటుంది. రెండోది, కోర్టుకి వెళ్లినప్పుడు ఎవరి మీద దురుద్దేశం ఆరోపిస్తున్నారో ఆయన్ని హోదాతో కాక వ్యక్తిగతంగా, పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే కోర్టులు ఆ ఆరోపణ జోలికే వెళ్లవు.

అప్పీలులో ఎలా రాయాలో ఒక నమూనా. ఇలా రాస్తే ఎవరూ చదవరు:

"జిల్లా అధికారి గారు నా మీద కక్ష కట్టి, నన్ను మానసికంగా వేధించాలన్న దురుద్దేశంతో, నిజాయితీపరుడైన ఉద్యోగికి ఈ అన్యాయమైన శిక్ష విధించారు."

ఇలా రాస్తే జవాబు చెప్పక తప్పదు:

"ఫిబ్రవరి 10న నేను ఫలానా బిల్లుపై అభ్యంతరం రాశాను, అనుబంధం 3. మార్చి 2న నన్ను ఆ సెక్షన్ నుంచి మార్చారు, అనుబంధం 4. మార్చి 19న, నాలుగేళ్ల కిందటి స్టాక్ రిజిస్టరు విషయంలో ఛార్జ్ మెమో ఇచ్చారు, అనుబంధం 5. ఆ రిజిస్టరుని అప్పట్లోనే ఆడిట్ తనిఖీ చేసింది, అభ్యంతరం చెప్పలేదు, అనుబంధం 6. అందులో నాతోపాటు సంతకం చేసిన మరో ఇద్దరికి మెమో ఇవ్వలేదు. ఈ నాలుగేళ్లు చర్య ఎందుకు తీసుకోలేదో ఛార్జ్ మెమోలో గానీ తుది ఉత్తర్వులో గానీ లేదు."

రెండో పేరాలో కక్ష అన్న మాటే లేదు. దాని తర్వాత ఒకే వాక్యం చాలు: "పై పరిస్థితుల్లో ఈ చర్య నా అభ్యంతరానికి ప్రతీకారంగా తీసుకున్నదని మనవి."

ఫిర్యాదు చేసినందుకే ఇదంతా అయితే మరో తలుపు ఉంది, అందరికీ కాదు. జాతీయ రహదారుల ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకి గురయ్యాక, 2004లో కేంద్రం ఫిర్యాదు చేసినవారి రక్షణకి ఒక తీర్మానం తెచ్చింది, దాన్ని పీఐడీపీఐ అంటారు. దాని కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేసినవారు, అందువల్ల వేధింపు ఎదురైందని రక్షణ కోరుతూ కమిషన్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం, దాని సంస్థల పరిధికే. రాష్ట్ర ఉద్యోగులకి పనికిరాదు. 2014లో విజిల్ బ్లోయర్ల చట్టం ఆమోదం పొందినా ఏళ్ల తరబడి అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు, కాబట్టి దాన్ని నమ్ముకుని అప్పీలు రాయకండి.

అప్పీలు రాసేటప్పుడు

మీ పేరుతో, మీ ఒక్కరి తరఫున వేయాలి. సంఘం లెటర్‌హెడ్ మీద నలుగురు కలిసి వేస్తే అది అప్పీలు కాదు. అప్పీలు అధికారికి నేరుగా సంబోధించి, ఒక కాపీ శిక్ష వేసిన అధికారికి పంపాలి. ఆయన తన వ్యాఖ్యలతో, రికార్డుతో సహా దాన్ని పైకి పంపాలి, మీద నుంచి ఆదేశం కోసం ఎదురుచూడకూడదు. ఆచరణలో ఆయన టేబుల్ మీదే నిద్రపోతుంది. అందుకని ప్రాపర్ చానల్‌లో, అంటే మీ ఆఫీసు ద్వారా, ఒకటి ఇచ్చి, అడ్వాన్స్ కాపీ పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రశీదు దాచండి.

అప్పీలు అధికారి ఎవరో చాలాసార్లు ఉత్తర్వు చివర్లోనే ఉంటుంది. లేకపోతే రూల్స్ షెడ్యూల్ చూడాలి. శిక్ష వేసినాయనకే ఈలోపు ప్రమోషన్ వచ్చి అప్పీలు అధికారి కుర్చీలో కూర్చుంటే? కేంద్ర రూల్స్‌లో దీనికి జవాబుంది, అప్పుడు అప్పీలు ఆయన పై అధికారికి పోతుంది. రాష్ట్రంలో కూడా ఇదే కోరుతూ విడిగా వినతి పెట్టండి. ఉత్తర్వు ఇచ్చింది ప్రభుత్వమే అయితే అప్పీలు ఉండదు, రివ్యూ అడగాలి లేదా కోర్టుకి వెళ్లాలి.

భాష విషయం సీరియస్‌గా తీసుకోండి. అగౌరవంగా రాయకూడదని రూలే ఉంది. కక్ష అని ఆరోపిస్తూ మర్యాదగా రాయడం కుదురుతుంది, పైన చూపించాను కదా.

ఆఖరి పేరాలో ఏం కావాలో విడివిడిగా అడగండి: ఉత్తర్వు రద్దు, పాత పోస్టులో పునర్నియామకం, జీతం బకాయిలు, సీనియారిటీ, ఈలోపు ఉత్తర్వు అమలు నిలుపుదల, వ్యక్తిగతంగా విన్నవించుకునే అవకాశం. వీటితో పాటు ప్రత్యామ్నాయంగా "లేనిపక్షంలో శిక్ష తగ్గించగలరు" అని కూడా రాయండి. అలా రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కొందరు భయపడతారు, అవసరం లేదు. తప్పుకి శిక్ష సరిపోయిందా, ఎక్కువైందా అన్నది అప్పీలు అధికారి తప్పనిసరిగా చూడాల్సిన మూడో ప్రశ్న. విధానం పాటించారా, సాక్ష్యం సరిపోయిందా అన్నవి మొదటి రెండూ.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: అప్పీలు అధికారి శిక్షని పెంచనూ వచ్చు. నోటీసు ఇచ్చి, మీ జవాబు విన్నాకే పెంచగలరు, కానీ అధికారం ఉంది. అభియోగం డబ్బుకి సంబంధించినదై, సాక్ష్యం గట్టిగా ఉంటే, అప్పీలు వేసే ముందు సర్వీసు వ్యవహారాలు చూసే లాయరుతో ఒక పూట కూర్చోండి.

వేశాక

జవాబు ఒక్క లైనులో "అప్పీలు పరిశీలించి తిరస్కరించడమైనది" అని వస్తే బెంగపడకండి, అదే మీ తర్వాతి ఆయుధం. 1986లో రామ్ చందర్ అనే రైల్వే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, అప్పీలు అధికారి బుర్రపెట్టి ఆలోచించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని, ఉద్యోగిని వినాలని చెప్పింది. కారణాల్లేని ఉత్తర్వుని కోర్టులు తరచూ వెనక్కి పంపిస్తాయి.

జవాబే రాకపోతే? కేంద్ర ఉద్యోగులు అప్పీలు వేసి ఆరు నెలలు గడిచాక క్యాట్‌కి (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కి) వెళ్లొచ్చు. అక్కణ్ణుంచి ఏడాది గడువు. అప్పీలు మీద ఉత్తర్వు వస్తే, ఆ తేదీ నుంచి ఏడాది. రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్ బెంచే. దరఖాస్తు ఫీజు 50 రూపాయలు. రాష్ట్ర ఉద్యోగులకి ఒకప్పుడు ఏపీఏటీ అనే రాష్ట్ర ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయాలి. అప్పీలు వేయకుండా నేరుగా వెళ్తే జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్న అప్పీలు సంగతే. విచారణే లేకుండా దించేశారనో, అధికారం లేనివారు దించారనో చూపిస్తే మాత్రం నేరుగా వినే అవకాశం ఉంటుంది. అప్పీలు పెండింగ్‌లో పడి ఉంటే, ఇన్ని వారాల్లో తేల్చమని ఆదేశం తెచ్చుకోవడానికి కూడా రిట్ వేస్తారు.

నెలకో రిమైండర్ పంపుతూ కూర్చుంటే గడువు పెరుగుతుందనుకోకండి. అప్పీలు లాంటి రూల్స్‌లో ఉన్న పరిష్కారాన్ని వాడుకున్న కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు గానీ, పదేపదే పెట్టిన వినతులు గడువుని పొడిగించవని 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. రిటైర్మెంటు దగ్గర పడినవారికి ఇది మరీ ముఖ్యం. పాత పెన్షన్ ఉన్నవారికి ఆఖరి జీతం తగ్గితే పెన్షనూ తగ్గుతుంది.

గెలిచినా ఉత్తర్వు చివరి వరకూ చదవండి. రద్దు చేసి మళ్లీ విచారణ జరపమన్నారా, పూర్తిగా రద్దు చేశారా? బకాయిలు ఇవ్వమన్నారా, నోషనల్ (డబ్బు ఇవ్వకుండా కాగితం మీద లెక్క మాత్రమే) అని సరిపెట్టారా? సీనియారిటీ గురించి ఏమీ రాయకపోతే వెంటనే స్పష్టత కోరుతూ వినతి పెట్టండి, తర్వాతి ప్యానెల్ తయారయ్యాక అడిగితే ఇంకో కేసు అవుతుంది. పే ఫిక్సేషన్ (జీతం మళ్లీ నిర్ణయించడం) అయ్యాక ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్లి సర్వీస్ రిజిస్టర్ తెరిపించండి. రివర్షన్ ఎంట్రీ ఎదురుగా రద్దయినట్టు ఉత్తర్వు నంబరు, తేదీ, అధికారి సంతకం ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసి, ఆ పేజీ ఫొటో తీసుకుని రండి.